నూట అరవై తొమ్మిదికి కరిగే పొడి

నా ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే, మందుల ఫ్యాక్టరీలో క్వాలిటీ డిపార్ట్‌మెంట్ అని చెప్పి ఊరుకుంటాను. అసలు చేసే పని చెబితే ఇదీ ఒక పనేనా అన్నట్టు చూస్తారు. తెల్లటి పొడిని సన్నని గాజు గొట్టంలోకి కూరి, ఆ గొట్టాన్ని వేడెక్కే పెట్టెలో నిలబెట్టి, చిన్న అద్దంలోంచి చూస్తూ కూర్చుంటాను. పొడి ఏ డిగ్రీ దగ్గర కరగడం మొదలుపెట్టింది, ఏ డిగ్రీకి పూర్తిగా ద్రవమైంది, ఈ రెండు అంకెలూ రాస్తాను. మా ల్యాబులో ఇంతకన్నా పెద్ద యంత్రాలు, పెద్ద పరీక్షలు చాలా ఉన్నాయి. నా వంతుకు ఎక్కువగా వచ్చింది ఇదే.

మా ఫ్యాక్టరీ మహేశ్వరం వైపు. నేను కాపురం చేసే ఊరు శంషాబాద్ పక్కన. పొద్దున్నే కంపెనీ బస్సు ఎక్కితే చీకటి పడ్డాకే దిగేదాన్ని. మా ఆయన ఎయిర్‌పోర్టులో క్యాబ్ నడిపేవాడు. ఆయన నిద్ర లేచేసరికి నేను ఉండేదాన్ని కాదు, నేను వచ్చేసరికి ఆయన ఉండేవాడు కాదు. పగలంతా ఇంట్లో ఉండేది మా అత్తమ్మ ఒక్కతే.

అత్తమ్మ నాతో ఎక్కువగా మాట్లాడేది కాదు. "బువ్వ తిన్నవా", "నీళ్లు పట్టిన", "తలుపేసుకో", అంతే. ఆ మాటలు కూడా నా వైపు చూడకుండానే అనేది. నేనంటే ఇష్టం లేదేమో అనుకుని, కొత్తలో కొంచెం బాధపడి, తర్వాత అలవాటు పడిపోయాను. మా పెళ్లికి ముందే మామయ్య, ఆయన అన్నదమ్ములు కలిసి పొలాన్ని వెంచర్‌కు ఇచ్చేశారట. మక్కజొన్న, కందులు పండిన చోట ఇప్పుడు ఎర్రమట్టి రోడ్లు, నంబర్లు రాసిన రాళ్లు, ముందొక గేటు ఉన్నాయి. ఆ తర్వాత కొన్నాళ్లకే మామయ్య పోయాడు. చివర్లో బోరు ఉన్న చిన్న చెలక ముక్క మాత్రం ఎవరూ కొనక మాకు మిగిలిపోయింది. అది కూడా సాగు లేక పడావు పడి ఉండేది. ఇవన్నీ నాకు మా ఆయన చెప్పినవే. అత్తమ్మ నోటి వెంట పొలం మాట నేను ఎప్పుడూ వినలేదు.

లాక్‌డౌన్ వచ్చిన ఏడాది మాకు కంపెనీ వాళ్లు ఒక మాట చెప్పారు. జ్వరం మందు ఆగకూడదు కాబట్టి ఫ్యాక్టరీ నడుస్తుంది. లోపల ఉండి పనిచేసేవాళ్లు ఉండండి, కానీ మధ్యలో బయటికి వెళ్తే మళ్లీ రానివ్వం. ఇంకో జట్టు వచ్చి మిమ్మల్ని మార్చేదాకా లోపలే తిండి, లోపలే పడక. విమానాలు ఆగిపోయాయి, మా ఆయన క్యాబ్ ఇంటి ముందు నిలబడింది. ఇద్దరిలో ఒకరమన్నా పనిలో ఉండాలి అనుకున్నాం. నేను రెండు జతల బట్టలు, ఒక దుప్పటి సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. కొద్ది రోజులే కదా అనుకున్నాను.

మా ఆడవాళ్లకు ట్రైనింగ్ హాలు ఇచ్చారు. కుర్చీలన్నీ ఒక మూలకు నెట్టి చాపలు పరిచారు. ఏసీ కోసం కట్టిన గది కావడంతో కిటికీ అద్దాలు తెరుచుకోవు. వాటిలోంచి గేటు కనిపించేది, గేటుకు వేసిన తాళం కూడా కనిపించేది. గాలి కావాలంటే మేడ మీదికి వెళ్లాలి. అక్కడి నుంచి చూస్తే గుట్టలు, వాటి వెనక మా పక్క ఊరి నీళ్ల ట్యాంకు కనబడేవి. బండి మీద పోతే ఎంతో సేపు పట్టదు. అంత దగ్గర కనిపిస్తుంటే ఇంకా ఊపిరాడనట్టు ఉండేది. క్యాంటీన్లో వండే మనిషి ఒక్కడే మిగిలాడు. అతనికి బాగా వచ్చినవి రెండే, సాంబారు, కిచిడీ. పూటకొకటి మార్చి మార్చి పెట్టేవాడు. కొన్నాళ్లకు వాసన చూసి అది పగలో రాత్రో చెప్పగలిగేదాన్ని.

ల్యాబులో నేను, మా మేడమ్, ఇద్దరమే. ఆవిడది గోదావరి వైపు ఊరు. అత్తాపూర్‌లో ఫ్లాటు ఉంది, పెళ్లి చేసుకోలేదు, అక్కగారితో కలిసి ఉంటుంది. రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి. ప్రతిదీ పద్ధతిగా ఉండాలి. దుప్పటి మడత కూడా అంచుకు అంచు కలిసేలా పెట్టేది. పగలంతా ఆవిడ కింద పనిచేసి, రాత్రి ఆవిడ పక్క చాప మీదే పడుకోవాలంటే నాకు ప్రాణం మీదికొచ్చినట్టు ఉండేది. దగ్గినా చూస్తుందేమో, ఫోన్లో గట్టిగా మాట్లాడితే ఏమనుకుంటుందో అని ముడుచుకుని ఉండేదాన్ని.

మొదటి వారం గడిచాక ఒక మధ్యాహ్నం మా ఆయన నంబరు నుంచి ఫోను వచ్చింది. ఎత్తితే అత్తమ్మ గొంతు.

"ఏం జేస్తున్నవ్ బిడ్డా?"

నాకు కంగారు పుట్టింది. ఆమె నాకు ఫోను చేయడం అదే మొదలు. "ఏమైంది అత్తమ్మా, అంతా మంచిదేనా?"

"మంచిదే. వాడు పండుకున్నడు. ఏం తోస్తలేదు. నువ్వు ఆడ ఏం పని జేస్తవో ఎన్నడు అడగలే."

"మందు పొడి కరగబెట్టి చూస్త అత్తమ్మా. ఎంత వేడికి కరిగిందో రాస్త."

"గంతేనా?" అంది. "దానికి గన్ని చదువులెందుకు? నెయ్యి నేను రోజు కరగబెడుత."

నవ్వొచ్చింది. కానీ ఆమె నవ్వడం లేదు, నిజంగానే అడుగుతోంది. నేను చెప్పడానికి ప్రయత్నించాను. ఏ వస్తువు తీసుకున్నా అది కంటికి కనబడని అణువులతో ఉంటుంది. గట్టిగా ఉన్నప్పుడు అవి వరుసగా సర్దుకుని ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. వేడి తగిలితే కదులుతాయి. ఇంకా వేడి తగిలితే ఆ పట్టు సడలి, వరుస చెడి, ఒకదాని మీద ఒకటి జారడం మొదలుపెడతాయి. అదే కరగడం. పట్టు గట్టిదైతే ఎక్కువ వేడి కావాలి, మెత్తనిదైతే తక్కువ చాలు. ఒక్కో వస్తువుకు ఆ వేడి ఒక్కో తీరుగా ఉంటుంది కాబట్టి, అది చూసి ఇది సరైన వస్తువేనా, కల్తీ ఉందా అని చెప్పొచ్చు.

"మరి నెయ్యి పేరుకుంటది, పల్లినూనె పేరుకోదు. గదెందుకు?" అంది అత్తమ్మ.

ఎమ్మెస్సీలో నన్ను ఎవరూ అలా అడగలేదు. రెండింటి అణువులూ దాదాపు ఒకే రకం, పొడుగు తోకలున్నవి. నెయ్యి తోకలు చాలావరకు తిన్నగా ఉంటాయి, కట్టెల మోపులా దగ్గర దగ్గరగా సర్దుకుంటాయి. పల్లినూనె తోకలు నడుమ వంగి ఉంటాయి, దగ్గరికి రాలేవు. దగ్గరికి రానప్పుడు పట్టు కుదరదు. అందుకే అది చలికాలంలో కూడా నూనెగానే ఉంటుంది. ఇదంతా చెప్పాను.

"వంకర కట్టెలు మోపు గట్టుడు కష్టమే," అని ఫోను పెట్టేసింది.

అక్కడి నుంచి మధ్యాహ్నం పూట ఫోను రావడం మామూలైపోయింది. మేడమ్ కునుకు తీసే సమయం అది. నేను మేడ మెట్ల మీద కూర్చుని మాట్లాడేదాన్ని. అత్తమ్మ ఊరికే వినేది కాదు, పొయ్యి మీద చూసేది. కొవ్వొత్తి ముక్కను గిన్నెలో వేస్తే ఇట్టే కరిగిందని చెప్పింది. మైనం అణువుల మధ్య ఉన్నది చాలా చిన్న ఆకర్షణ అత్తమ్మా, ఒక్కోటి లెక్కలోకి రాదు, అణువు పొడుగ్గా ఉండటంతో అన్నీ కలిసి ఆ మాత్రమైనా నిలబెట్టినయి అన్నాను. ఇంకోరోజు చక్కెర వేసింది. అది ఆలస్యంగా కరిగి, కరుగుతూనే ఎర్రబడి, నల్లబడిందని చెప్పింది.

"మైనం చల్లారినంక మళ్ల మైనమే అయింది. చక్కెర మళ్ల చక్కెర కాలే. గిదేంది?"

"మైనానికి పట్టు మాత్రమే సడలింది. అణువు అట్లనే ఉన్నది. చక్కెర అణువులు చానా చేతులతో పట్టుకుని ఉంటయి. ఆ పట్టు విడిపించేంత వేడి పెడితే అణువే పగిలిపోతది. పగిలినంక ఇగ అది చక్కెర కాదు."

ఉప్పు మాత్రం ఆమెకు లొంగలేదు. పెనం ఎర్రబడేదాకా పెట్టిందట. "చిటపటమంటున్నది గని కరుగుతలేదు," అంది కోపంగా. ఆ చిటపట ఉప్పు పలుకుల్లో చిక్కుకున్న నీటిబొట్టు ఆవిరై బయటికి తన్నడం వల్ల వస్తుంది. ఉప్పులో ఉన్నవి అణువులు కావు, విద్యుత్తు నిండిన రేణువులు. ఒకటి ప్లస్సు, ఒకటి మైనస్సు. వాటి పట్టు విడిపించాలంటే ఎనిమిది వందల డిగ్రీలు కావాలి. మన గ్యాసు పొయ్యితో కాదు, సిలిండరు ఖరాబు చేయకు అని చెప్పాను. ఆమె వినలేదని, ఇంకో రెండు రోజులు ప్రయత్నించిందని మా ఆయన చెప్పాడు.

ఒకరోజు మాటల్లో నేనే అన్నాను. "ఈడ ఊపిరాడుతలేదు అత్తమ్మా. నాలుగు గోడలు, గేటు, తాళం. ఎప్పుడు ఇడుస్తరో తెల్వదు."

"నేను రోజు గిట్లనే ఉంట బిడ్డా," అంది ఆమె. మామూలుగానే అంది, కూర ఏం వండానో చెప్పినట్టు. "పొలం పోయిన కాంచి గింతే. పొద్దున లేస్త, ఊడుస్త, వండుత, గోడ దిక్కు చూస్త. పొలం దిక్కు పోదామంటే ఆ గేటుకాడ వాచ్‌మన్ ఎవరమ్మా నువ్వు అని అడుగుతడు. నీకు ఇప్పుడు తెల్సింది, అంతే."

ఆమెతో ఒకే కప్పు కింద అన్నేళ్లుండి, ఆ మౌనమంతా నా గురించే అనుకున్నాను. ఫోను పట్టుకుని మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాను.

మేడమ్ నేను అనుకున్నంత దూరపు మనిషి కాదని కూడా ఆ రోజుల్లోనే తెలిసింది. ఒకరోజు కునుకు మాని మెట్ల దగ్గరికి వచ్చి, నేను ఉప్పు గురించి చెప్పడం అంతా వింది. మర్నాడు ల్యాబులో రెండు చిన్న గాజు పళ్లేల్లో చిటికెడు చిటికెడు పొడి పోసి నా ముందు పెట్టింది. రెండూ తెల్లగానే ఉన్నాయి.

"ఇది అసిటానిలైడ్. ఇది మన పారాసిటమాల్. తేడా ఏంటో మీ అత్తగారికి ఎలా చెప్తావమ్మా?"

రెండింటి అణువులకూ ఒకే చట్రం. పారాసిటమాల్‌కు పక్కన ఒక ఆక్సిజను, దానికి తగులుకున్న ఒక హైడ్రోజను అదనం. మేడమ్ రెండు గొట్టాలూ పెట్టెలో పెట్టింది. అసిటానిలైడ్ నూట పద్నాలుగు దగ్గర మెరిసి కిందికి జారిపోయింది. పారాసిటమాల్ కదలలేదు. నూట ఇరవై, నూట నలభై, నూట అరవై. అప్పటికీ నిక్కచ్చిగా తెల్లగా నిలబడి ఉంది. నూట అరవై తొమ్మిదికి వచ్చాక అంచున చెమ్మ పట్టినట్టయి, చూస్తుండగానే పారదర్శకమైపోయింది.

"ఒక్క చెయ్యి ఎక్కువండీ దీనికి," అంది మేడమ్. ల్యాబు పని ఎవరికి వివరించినా ఆవిడకు "అండీ" వచ్చేస్తుంది. "ఆ చేత్తో పక్క అణువును పట్టుకుంటుంది. పక్కది దాని పక్కదాన్ని. హైడ్రోజన్ బంధం అని పుస్తకంలో చదివేస్తాం. ఆ ఒక్క పట్టుకు యాభై డిగ్రీలు పైచిలుకు వేడి ఎక్కువ పెట్టాలి. నేను చేరిన కొత్తలో ఇది చూసి ఆ రోజంతా ఇంకో పని చెయ్యలేదు."

చదువుకున్నదే అయినా నాకూ అది కళ్లతో చూడటం అదే మొదటిసారి. రోజూ అంకె రాయడమే తప్ప, ఆ అంకె వెనక ఏముందో ఆలోచించడం ఎప్పుడో మానేశాను.

మమ్మల్ని మార్చాల్సిన జట్టు రావడం రెండుసార్లు వాయిదా పడింది. చివరికి ప్రొడక్షన్ ఇన్‌చార్జి వచ్చి, ప్రస్తుతం తయారవుతున్న మందు లాట్ పాసై లారీ ఎక్కిన మర్నాడే బస్సు మమ్మల్ని ఇళ్లకు దింపుతుందని చెప్పాడు. అతనూ మాతోపాటే లోపల చిక్కుకున్నవాడు. ఇంటిదగ్గర చంటిపిల్ల ఉంది. గోడకు ఆనుకుని వీడియో కాల్‌లో పాపకు పాటలు పాడటం నేను చూశాను.

ఆ లాట్ శాంపిల్ రావాల్సిన రోజు పొద్దున్నే మా ఆయన ఫోను చేశాడు.

"అమ్మకు జరమొచ్చింది," అన్నాడు. "నిన్నటి సంది ఉన్నది. ఊరోళ్లు మా గల్లీ దిక్కు వస్తలేరు. ఆశా వర్కర్ అక్క ఒక్కతే వచ్చి దూరంకెల్లి గోలీలిచ్చి పోయింది."

"దవాఖానకు తీస్కపో."

"తొవ్వకు అడ్డం కంప గొట్టిన్రు. బండి పోదు. నువ్వు ఎప్పుడొస్తవ్?"

"ఇయ్యాల లాట్ పాసైతే రేపు వస్త," అన్నాను.

శాంపిల్ పదకొండింటికి వచ్చింది. ఆరబెట్టి, నూరి, మూడు గొట్టాల్లోకి కూరాను. చేతులు తొందరపడుతున్నాయి. పొడి గొట్టం అడుగుకు దిగాలంటే బల్ల మీద మెల్లగా తట్టాలి, ఒకటి విరిగింది, మళ్లీ నింపాను. పెట్టెలో పెట్టి అద్దానికి కన్ను ఆనించాను. మా మందు నూట అరవై ఎనిమిదికీ నూట డెబ్బై రెండుకూ మధ్య కరగాలి. నూట అరవై దాటింది. నూట అరవై మూడు దగ్గర పొడి అంచులు ముడుచుకున్నాయి. చెమ్మ పట్టింది. మెల్లగా, గతుకులు గతుకులుగా కరిగి, నూట అరవై ఏడుకు పూర్తయింది.

చూపు తప్పేమో అనుకున్నాను. మిగతా రెండు గొట్టాలు కూడా అలాగే ఉన్నాయి.

ఇలా ముందుగా, సాగదీసినట్టు కరిగితే దానికి అర్థం ఒకటే. వరుసల మధ్యలో ఇంకేదో దూరి ఉంది. ఒకే తీరు ఇటుకలతో కట్టిన గోడలో అక్కడక్కడా వేరే సైజు రాయి ఇరికిస్తే పక్క ఇటుకలు కూడా సరిగా ఆనవు. అణువులూ అంతే. చేతులు ఉన్నా పట్టుకోవలసిన చోటు తప్పిపోతుంది. పట్టు వదులైన చోట ముందే కరుగుతుంది.

ఇన్‌చార్జి తలుపు దగ్గరే నిలబడ్డాడు. "ఇంకోసారి చూడు అక్కా," అన్నాడు. "జర ఒక్కసారి."

మళ్లీ గొట్టాలు నింపాను. ఇక్కడ ఒక విషయం చెప్పాలి. వేడిని ఎంత నెమ్మదిగా పెంచితే అంకె అంత నిజంగా వస్తుంది. గబగబా పెంచితే, పొడి ఆ వేడిని అందుకునేలోపే థర్మామీటరు ముందుకు వెళ్లిపోతుంది. అప్పుడు నూట అరవై మూడుకు మొదలైంది కూడా నూట అరవై ఎనిమిదికి మొదలైనట్టు కనిపిస్తుంది. పొడిలో ఏమీ మారదు, ఎవరూ ఏమీ కలపరు. వేడి పెంచే నాబ్‌ను వేలి వెడల్పు తిప్పితే చాలు. ఈ పని చేసేవాళ్లందరికీ ఇది తెలుసు.

నా వేళ్లు ఆ నాబ్ మీదే ఉన్నాయి. అత్తమ్మ జ్వరంతో పడుకుని ఉండటం, వీధి మొదట్లో కంప, రేపటి బస్సు, అన్నీ ఒకేసారి కళ్ల ముందుకొచ్చాయి. ఇన్‌చార్జి నా వెనక నిలబడి ఊపిరి తీసుకోవడం వినిపిస్తోంది. అతనికీ ఆ కిటుకు తెలుసు, కానీ నోరు తెరిచి అడగలేదు. మేడమ్ పక్క బల్ల దగ్గర ఏదో తూస్తోంది. తల ఎత్తలేదు.

వేడిని ఎంతలో ఉంచాలో అంతలోనే ఉంచాను. నిమిషానికి ఒక్క డిగ్రీ. ఆ కొద్ది నిమిషాలంత పొడుగైన సమయం నా బతుకులో ఇంకోటి లేదు. నూట అరవై మూడు దగ్గర మళ్లీ అదే చెమ్మ పట్టింది.

"పాస్ కాదు అన్నా," అన్నాను. "ముందే కరుగుతున్నది."

మేడమ్ లేచి వచ్చి, పెట్టె మీద అనుమానం ఉండకూడదని అసిటానిలైడ్ గొట్టం పెట్టి చూసింది. అది బుద్ధిగా నూట పద్నాలుగుకు కరిగింది. పెట్టె సరిగ్గానే ఉంది, తప్పు పొడిదే. అప్పుడు ఆ పొడిని కొంచెం వేడినీళ్లలో కరిగించి, వడకట్టి, గాజు గిన్నెను కదపకుండా చల్లారనిచ్చాం. నీళ్లు చల్లారేకొద్దీ అణువులు మళ్లీ ఒకదాన్నొకటి వెతుక్కుని వరుస కడతాయి. ఆ వరుసలో ఇమడనిది నీళ్లలోనే మిగిలిపోతుంది. గిన్నె అడుగున సన్నని పలుకులు మెరిశాయి. వాటిని ఆరబెట్టి చూస్తే నూట అరవై తొమ్మిదికి, ఒక్కసారిగా కరిగాయి.

"లాట్ మొత్తం మళ్లీ ఇలాగే కడగాలండీ," అంది మేడమ్ ఇన్‌చార్జితో. "కడగడం సరిపోలేదు, అంతే. మందు పాడవలేదు."

"ఎన్ని రోజులు పడ్తది మేడమ్?"

"మీకే బాగా తెలుసు కదా."

అతను ప్లాంటు వైపు వెళ్లిపోయాడు. నేను మేడ మీదికి వెళ్లి గట్టిగా ఏడ్చాను. తర్వాత కిందికి దిగి గేటు దగ్గరికి కూడా నడిచాను. వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు. పోనివ్వమని నేను అడగలేదు, అతను పోనివ్వనని అనలేదు. ఇద్దరం తాళం వైపు చూశాం. నేను తిరిగి వచ్చేసరికి మేడమ్ నా ప్లేటులో కిచిడీ పెట్టి, మూత వేసి ఉంచింది.

సాయంత్రం అత్తమ్మే ఫోను చేసింది. గొంతు బొంగురుపోయి ఉంది.

"ఈ గోలీ మీ కంపెనీదేనా బిడ్డా?"

"ఏమో అత్తమ్మా. గా మందే. ఎవరు చేసిన్రో తెల్వదు."

"మంచిగ కరగబెట్టి చూసే ఉంటరు గదా?"

"చూస్తరు అత్తమ్మా," అన్నాను. "చూడంది బయటికి ఇడువరు."

"సరే, మింగుత," అంది.

ఇంతకన్నా ఏం మాట్లాడుకోలేదు. రేపు రావడం లేదని మాత్రం మా ఆయనకు విడిగా చెప్పాను. ఆయన తిట్టలేదు. "ఏం జేస్తం" అన్నాడు. ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో నాకు వరుసగా గుర్తులేదు. ఫోను మోగితే భయం, మోగకపోతే భయం. రాత్రిళ్లు నేను నిద్రపట్టక దొర్లుతుంటే మేడమ్ తన నీళ్ల సీసా నా వైపు జరిపేది. అత్తమ్మ జ్వరం రెండు రోజులు ఎక్కి దిగి, మూడో రోజు తగ్గింది. అది ఏ జ్వరమో మాకు ఇప్పటికీ తెలియదు, పరీక్ష చేయడానికి ఎవరూ రాలేదు.

మళ్లీ కడిగిన లాట్ శాంపిల్ వచ్చినప్పుడు గొట్టాలు నేనే నింపాను. నూట అరవై తొమ్మిది దగ్గర మొదలై నూట డెబ్బైకి ముగిసింది. ఇన్‌చార్జి చూస్తానంటే అద్దం అతనికి వదిలాను. అతను కన్ను తీయకుండా చూసి, "మంచిగ కరిగింది," అన్నాడు. ఆ సాయంత్రమే లారీ కదిలింది, మర్నాడు బస్సు కదిలింది. దిగేటప్పుడు మేడమ్ నా సంచి అందించి, "మీ అత్తగారిని అడిగానని చెప్పమ్మా," అంది.

బస్సు మమ్మల్ని పెద్ద రోడ్డు మీదే దింపింది. ఊరి దారికి అడ్డంగా సర్కారు తుమ్మ కంప, దాని వెనక ఒక బండరాయి ఉన్నాయి. అవతల మా ఆయన, ఊరి పెద్దమనుషులు ఇద్దరు నిలబడి ఉన్నారు. ఫ్యాక్టరీలో అంతమందితో ఉండి వచ్చినదాన్ని, నేరుగా ఇంట్లోకి రావద్దన్నారు. మర్యాదగానే అన్నారు. "తప్పు పట్టుకోకు బిడ్డా, అందరికీ ఇదే మాట. కొన్ని రోజులు దూరంగ ఉండు." చివరికి మా చెలకలో ఉన్న బోరు మోటరు గదిలో ఉండమని తేల్చారు.

ఒక గేటు దాటి వచ్చి ఇంకో గదిలో పడ్డాను. ఇది అంతకన్నా చిన్నది. మోటరు ఒక మూల, నా చాప ఒక మూల. రేకుల కప్పు పగలు పెనంలా కాలేది. తలుపుకు తాళం లేదు కానీ దాటి పోవడానికి చోటు లేదు. ముందంతా పడావు నేల, గడ్డి, చుట్టూ వెంచర్ రాళ్లు.

రెండో రోజు పొద్దున అత్తమ్మ వచ్చింది. జ్వరంతో సగమైంది. తల మీద టిఫిన్ గిన్నె, చేతిలో చిన్న పార. గిన్నె దూరంగా రాయి మీద పెట్టి, వేపచెట్టు కింద కూర్చుంది. ఆ చెట్టుకూ నా గుమ్మానికీ మధ్య మామూలుగా మాట్లాడితే వినబడేంత దూరం ఉంది.

"నువ్వెందుకొచ్చినవ్ అత్తమ్మా, నీరసమున్నది గదా. ఆయన తెస్తడు గదా."

"వాడు తెస్తడు. వాడు తెస్తే నేను ఇంట్ల ఏం జెయ్యాలె?" అంది. "అడిగిన్రు తొవ్వల, యాడికి అని. మా కోడలికి బువ్వ అని చెప్పిన. ఎవ్వరు ఆపలే."

తిన్నాక కూడా ఆమె వెళ్లలేదు. మేడమ్ అడిగిందని చెప్పాను. అసిటానిలైడ్, పారాసిటమాల్ సంగతి, ఇటుకల మధ్య రాయి ఇరికినట్టు లాట్ ఎలా చెడిందో కూడా చెప్పాను. ఒక చెయ్యి ఎక్కువుంటే ఎంత వేడి కావాలో విని, "చెయ్యి ఎక్కువున్నా మధ్యల రాయి పడితే పట్టు దొరకదంటివి," అని గుర్తుచేసింది. కాసేపటికి కూర్చున్న చోటే పారతో గడ్డి చెక్కడం మొదలుపెట్టింది. ఊరికే చెయ్యి ఆడించడానికనుకున్నాను. మర్నాడు వచ్చేసరికి చెక్కిన జాగా చాప అంత ఉంది. ఆ మర్నాడు ఇంకా పెరిగింది. నేను గుమ్మంలో కూర్చుని చూసేదాన్ని. ఆమె ఎక్కడ రాయి తగిలితే అక్కడ ఆగి, చేత్తో తీసి, గట్టు మీద వేసేది. ఎక్కడ మట్టి మంచిదో, ఎక్కడ నీళ్లు నిలుస్తాయో నాకు చెప్పేది. మామయ్య పేరు చెప్పకుండానే ఆయన సంగతులు కూడా చెప్పింది.

నన్ను ఇంట్లోకి రానిచ్చేసరికి అక్కడ రెండు మడులు తయారై, ఒకదాన్లో పాలకూర, ఒకదాన్లో కొత్తిమీర మొలిచాయి. మోటరు నేనే వేశాను, నీళ్లు ఆమె కట్టింది.

ఆ తర్వాత ఫ్యాక్టరీ మామూలుగా తెరిచారు, నేను మళ్లీ ఉద్యోగంలోకి వెళ్లాను. మేడమ్ రిటైరై అత్తాపూర్‌లోనే ఉంటోంది, ఎప్పుడన్నా ఫోను చేస్తుంది. మా ఆయన క్యాబ్ నడుపుతున్నాడు. నేను ఇప్పటికీ అదే బల్ల ముందు కూర్చుని అద్దంలోంచి చూస్తుంటాను. ఊపిరాడనట్టు ఉండటం పోలేదు. కొన్ని రోజులు ఎక్కువ, కొన్ని రోజులు తక్కువ. మానేద్దామని చాలాసార్లు అనుకున్నాను, మానలేదు.

అత్తమ్మ మాత్రం ఇంట్లో ఉండటం లేదు. పొద్దున నేను బస్సు కోసం బయటికి వచ్చేసరికి ఆమె కూడా కొంగు నడుముకు దోపి, గంప పట్టుకుని గుమ్మం దిగుతుంది. వీధి చివరిదాకా ఇద్దరం కలిసి నడుస్తాం. నేను రోడ్డు వైపు, ఆమె చెలక వైపు. "ఇయ్యాల బెండ తెంపాలె," అనో, "తోటకూరకు పురుగు పట్టింది," అనో చెబుతుంది. నేను వింటాను. బస్సు వచ్చేస్తుంది, ఎక్కి కూర్చుంటాను.